అత్తయ్య చనిపోయిన కథ

గోపాలపురం క్యాంపు,
సిరుగుప్ప తాలూకా.
జూన్ 26

చిరంజీవి పవన్‌కు,

నువ్వు ధారవాడ హాస్టల్లో ఉన్నప్పుడు తప్ప నీకు ఉత్తరం రాసింది లేదు. ఇప్పుడు జేబులో ఫోను పెట్టుకుని కూడా కాగితం తీశానంటే కారణం ఉంది. ఫోన్లో అడిగితే నువ్వు రెండు మాటలు చెప్పి నవ్విస్తావు. నేను నవ్వేసి పెట్టేస్తాను. తర్వాత ఏం అడగాలనుకున్నానో నాకే గుర్తుండదు. కాబట్టి దీనికి జవాబు రాసే పంపు.

నిన్న పొద్దున ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. పేరు నింగప్ప. ఊరు చోరనూరు. సండూరు కూడా దాటి అవతల, ఇక్కడికి నూట ఇరవై కిలోమీటర్లు ఉంటుంది. బండి దిగి, శివరామకృష్ణయ్యగారి ఇల్లు ఇదేనా అని అడిగి, నేనే అనగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చావింటికి పరామర్శకి వచ్చినవాడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

సండూరులో మీ కంపెనీ రైతుల సభ పెట్టిందట. మీరు అమ్మే నేలసిరి ఎరువు పొడి వల్ల మా అయిదెకరాల వరి ఎలా బతికిందో నువ్వు కథగా చెప్పావట. ఆ మడి కళ్ళారా చూసి, తన చేలో వేయాలో వద్దో తేల్చుకుందామని వచ్చానన్నాడు. మనవాడు మన పేరు చెప్పుకున్నాడు, తప్పేముందనుకుని కూర్చోబెట్టాను. ఈలోగా మీ అత్తయ్య మజ్జిగ తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని, ఈయమ్మ ఎవరు అని అడిగాడు. నా భార్య అన్నాను. గ్లాసు కింద పెట్టేశాడు. ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగి, నా చెవి దగ్గరికి వంగి మెల్లిగా అడిగాడు.

"రెండో పెళ్ళి చేసుకున్నారా సామీ?"

మాట మార్చేశాను. మడి చూపించి పంపేశాను.

సండూరులో నువ్వేం చెప్పావు? ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ మామయ్య

*

కౌల్ బజార్,
బళ్ళారి.
జూలై 4

మామయ్యగారికి,

మీ ఉత్తరం చూసి ముందు భయపడ్డాను, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని. చదివాక ఊపిరి పీల్చుకున్నాను.

మా పాత ప్రెజెంటేషన్ మీకు ఒకసారి చూపించాను కదా, మీరు రెండో బొమ్మకే కునుకు తీశారు. మట్టిలో ఏది ఎంత, దిగుబడి ఎంత శాతం, గీతలు, రంగులు. రైతుల సంగతి అలా ఉంచండి, మా డీలర్లే ఆవలించేవాళ్ళు. జనవరిలో బెంగళూరు నుంచి అక్షత మేడం అని ఒక ట్రైనర్ వచ్చి మూడు రోజులు నేర్పించారు. అంకెలు ఎవరికీ గుర్తుండవు, ఒక మనిషి గుర్తుంటాడు అన్నారు. ఆ మనిషికి ఏం కావాలి, ఏం అడ్డం పడింది, ఏం పోగొట్టుకున్నాడు, చివరికి ఎలా గట్టెక్కాడు. ఇది చెప్పండి, సంచి పేరు ఆఖర్న ఒక్కసారి చెబితే చాలు అన్నారు. మీకు తెలిసిన ఒక మనిషిని తలుచుకోండి అనగానే నాకు మీరే గుర్తొచ్చారు. మూడేళ్ళ కిందట మడి పసుపెక్కితే మీరు గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నది నేను చూశాను కదా. మీ కథ మొదలుపెడితే ఇప్పుడు ఎవరూ ఫోను తీయడం లేదు మామయ్యా. నాకు ఎంత గర్వంగా ఉంటుందో చెప్పలేను.

నింగప్పగారు ఏదో కలగలిపేసుకున్నట్టున్నారు. ఆ సభలో ముగ్గురం మాట్లాడాం, ముగ్గురివీ మూడు కథలు. మైకు కూడా గరగరలాడింది. ఈ సంగతి అత్తయ్యకి చెప్పకండి, అనవసరంగా బాధపడుతుంది.

ఇంకో చిన్న మాట. అత్తయ్య ఫోటో ఒకటి కావాలి. ఒక్కతే ఉన్నది. పదేళ్ళ కిందటిదైనా ఫరవాలేదు, ముఖం మాత్రం స్పష్టంగా కనపడాలి. ఊరికే అడుగుతున్నాను, నా దగ్గర ఒక్కటీ లేదు.

మీ పవన్

*

గోపాలపురం క్యాంపు.
జూలై 24

పవన్‌కు,

ఫోటో పంపడం లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నమ్మాను. రెండోసారి చదివితే, నేను అడిగింది ఒక్కటే, నువ్వేం చెప్పావని. నువ్వు పేజీన్నర రాశావు, అందులో ఆ ఒక్కటీ లేదు. మూడోసారి ఇంకో మాట దగ్గర ఆగిపోయాను. అత్తయ్యకి చెప్పొద్దని రాశావు. కలగలిపేసుకున్నది నింగప్ప అయితే ఆవిడ విని నవ్వుకుంటుంది. బాధెందుకు పడుతుంది?

అప్పటి నుంచీ మన క్యాంపు ఊళ్ళోకి కొత్త బండి వస్తే చాలు, మనింటికేనేమోనని చూడటం అలవాటైంది. మొన్న రానే వచ్చింది. యశ్వంతనగర్ గనుల్లో లారీ తోలే యల్లేష్ అనే అతను, వాళ్ళ అన్న పొలానికి ఈ పొడి పనికొస్తుందో లేదో కనుక్కుందామని వచ్చాడు. అతని ఫోన్లో నీ వీడియో ఉంది. ఎవరో సభలో తీసి అందరికీ పంపారట. ఇదిగో సామీ, మీ కథే అని నా ముందు పెట్టాడు. అప్పుడు మీ అత్తయ్య నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. దాచడానికి వీల్లేకపోయింది.

తెల్లచొక్కా వేసుకుని బాగానే ఉన్నావు. వానలు, మునిగిన మడి, పసుపెక్కిన వరి, అంతా చెప్పావు. చెప్తూ చెప్తూ గొంతు పట్టేసినట్టు ఆగావు. వెనక తెర మీద మీ అత్తయ్య ముఖం వచ్చింది. మీ అక్క పెళ్ళి ఫోటోలో వెనక వరసలో నిలబడిన ముఖం. దాన్ని కత్తిరించి పెద్దది చేశారు, మసకబారింది. దానికి దండ. స్పష్టమైన ఫోటో నీకు ఎందుకు కావాలో అప్పుడర్థమైంది.

మీ అత్తయ్య అంతా చూసింది. చూసి ఒక్కటే అడిగింది. "ఏ జబ్బన్నాడో సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి పెట్టు నాయనా" అంది. యల్లేష్‌కి అప్పటికి సంగతి తెలిసిపోయినా మళ్ళీ పెట్టాడు. కామెర్లన్నావు. మునిగిన పంటని వదల్లేక నేను ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేశానన్నావు. అంటే ఆవిడని చంపింది కామెర్లు కాదు, నేను.

ఆవిడ చిక్కుడుకాయల చేట తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ రోజు నుంచి నీ పేరెత్తడం లేదు. ఎన్ని ఊళ్ళలో చెప్పావు? ఇంకా ఏమేం చెప్పావు? నాకిప్పుడు నీ ప్రతి మాట మీదా అనుమానమే. చిన్నప్పుడు నువ్వు చెప్పినవి కూడా తలుచుకుంటున్నాను.

శివరామకృష్ణయ్య

*

కౌల్ బజార్.
ఆగస్టు 2

మామయ్యా,

మీరు సంతకంలో పేరు రాశారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ మీ మామయ్య అని తప్ప రాయలేదు. అది చూశాక ఇక దాచలేను.

ఫిబ్రవరిలో మొదటిసారి హోసపేటలో చెప్పాను. అప్పుడు ఉన్నది ఉన్నట్టే చెప్పాను. మడి మునగడం, నీళ్ళు పోవడానికి అత్తయ్య కాలవ తీయించడం, అన్నీ. ఒకాయన మధ్యలో లేచి భోజనాలు ఎన్నింటికి అని అడిగాడు. రెండోసారి కూడ్లిగిలో. "అప్పుడు మా అత్తయ్య" అని మొదలుపెట్టి, తర్వాత మాట మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను మామయ్యా, గొంతు తడారిపోయింది. నీళ్ళ సీసా కోసం చూస్తున్నాను. హాలంతా నిశ్శబ్దం అయిపోయింది. ముందు వరసలో ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వాళ్ళు అత్తయ్య చనిపోయిందనుకున్నారని నాకు అప్పుడర్థమైంది. కాదు, బతికే ఉంది అని చెప్పొచ్చు. చెప్పలేదు. అప్పటిదాకా నా మాట ఎవరూ అలా వినలేదు.

ఆ సాయంత్రం ఎప్పుడూ లేనన్ని సంచులకి ఆర్డర్లు వచ్చాయి. మూడోసారి నేనే చెప్పాను. తర్వాత జబ్బు వచ్చింది, తర్వాత ఫోటో వచ్చింది. కాలవ ముక్క తీసేశాను, అది ఉంటే చివర్న సంచి వల్లే బాగైందని చెప్పడం కుదరడం లేదు. ఇప్పటికి పద్నాలుగు ఊళ్ళు. అక్షత మేడం ఒకసారి ఇది నిజమేనా అని అడిగారు. నిజమే అన్నాను.

అత్తయ్య ముందు తలెత్తుకోలేను. కానీ ఒక్క మాట బతిమాలుకుంటున్నాను. సెప్టెంబర్ 20న బెంగళూరులో పెద్దవాళ్ళ ముందు ఇదే కథ చెప్పమన్నారు. అది అయితే నాకు ఏరియా మేనేజరు పని వస్తుంది. ఆ ఒక్కరోజు గడవనివ్వండి. తర్వాత ఇంకెప్పుడూ చెప్పను. అప్పటిదాకా ఎవరైనా వస్తే దయచేసి ఏమీ అనకండి.

పవన్

*

గోపాలపురం క్యాంపు.
ఆగస్టు 14

పవన్,

నేను సరోజినీ అత్తయ్యని. మీ మామయ్య రాయనంటే నేను రాస్తున్నాను. నా దస్తూరి నువ్వు చూసి ఉండవు, ఓపిగ్గా చదువు.

నీ మాట నిలబెట్టడం కోసం నేను సెప్టెంబర్ ఇరవై దాకా చచ్చిపోయి ఉండాలన్నమాట. అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు నింగప్ప సంగతి విను.

నిన్న పొద్దున ఆయన మీ మామయ్యకి ఫోను చేశాడు. వానలు ఆలస్యమై జూలై నడిమికి మొక్కజొన్న వేశాడట. చేను మోకాలెత్తు వచ్చి అక్కడే నిలిచిపోయింది, కింది ఆకులు కొసల నుంచి పసుపెక్కుతున్నాయి. నేలసిరి తప్ప వేరే ఏ ఎరువూ వేయలేదట. ఎందుకు వేయలేదంటే, శివరామకృష్ణయ్య ఇంకే ఎరువూ చిటికెడైనా వేయలేదని నువ్వు సభలో చెప్పావట. "మీకు ఎన్ని రోజులకి పచ్చబడింది సామీ?" అని అడిగాడు. మీ మామయ్య ఫోను పెట్టేశారు. తర్వాత అన్నం తినలేదు.

నేను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పారు. జూన్‌లో ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు గట్టు మీద నిలబడి, ఈ పొడితోనే బాగైందా అని సూటిగా అడిగాడట. మీ మామయ్య తల ఊపారట. నీ ఉద్యోగానికి ఏమవుతుందోనని. ఆ సంగతి నీకు రాసిన ఉత్తరంలోనూ లేదు, నాకూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ నీ మీద కోప్పడుతున్నారనుకున్నాను, సగం తన మీదేనని నిన్న తెలిసింది.

ఇక నా సంగతి. నన్ను చంపినందుకు నాకు పెద్ద కోపం లేదు. మా అమ్మ ఉంటే, పోయారని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుంది అనేది. ఆ కాలవ ఎక్కడికి పోయింది నాయనా నీ కథలో? ఎనిమిది రోజులు నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళు వాసన వేస్తుంటే, మీ మామయ్య ఇంకో బస్తా యూరియా అన్నారు. నీళ్ళు తీసేస్తే తప్ప బతకదన్నది నేను. కింది మడి వాళ్ళు తమ పొలంలోంచి కాలవ తీయడానికి ఒప్పుకోలేదు. మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. మూడోసారి వాళ్ళ కోడలు ఒప్పించింది. ఇద్దరు కూలి మనుషులతో కలిసి నేనూ పార పట్టి తవ్వాను. నేల నెర్రెలిచ్చేదాకా ఎండగట్టి మళ్ళీ నీళ్ళు పెడితే అప్పుడు తెల్లవేళ్ళు వచ్చాయి. నువ్వు తెచ్చిన సంచి అప్పటికి గట్టు మీద ఉంది. వేస్తే నష్టమేముందని ఆఖర్న చల్లాం.

విన్నవాళ్ళు ఏడ్చారని రాశావు. ఏడ్చి ఇంటికెళ్ళి ఏం చేశారు? సంచి కొన్నారు. కాలవ సంగతి చెప్పి ఉంటే, ఆ పద్నాలుగు ఊళ్ళలో నీళ్ళు నిలిచిన రైతు ఒక్కడైనా పార తీసేవాడు.

మొక్కజొన్నకి ఇంకా అదను దాటలేదని మీ మామయ్య అంటున్నారు. ఈ ఉత్తరం చేరిన రోజే చోరనూరు వెళ్ళు.

అత్తయ్య

*

కౌల్ బజార్.
సెప్టెంబర్ 25

మామయ్యగారికి, అత్తయ్యకి,

ఆగస్టు 18న చోరనూరు వెళ్ళాను. అత్తయ్య బతికే ఉందని, వరి బాగైంది కాలవ వల్లనని, మామయ్య తల ఊపింది నా కోసమని నింగప్పగారికి చెప్పాను. అక్కడి రైత సంపర్క కేంద్రంలో వ్యవసాయ అధికారుల్ని అడిగి, వాళ్ళు చెప్పిన ప్రకారం చేనుకి యూరియా వేయించాం. కింది భాగం తేరుకుంది. పై భాగం సంగతి ఇంకా తెలియదు.

20న బెంగళూరులో నలభై మంది ముందు మాట్లాడాను. ఫోటో తీసేశాను. జరిగింది జరిగినట్టు చెప్పి, ఇన్నాళ్ళూ వేరేగా చెప్పానని కూడా చెప్పాను. ఒక పెద్దాయన, బాగుచేసింది కాలవే అయితే మన సంచి ఎందుకయ్యా అని అడిగారు. మామూలు ఎరువులతో పాటు వేస్తే నేల గుల్లబారుతుంది, వాటి బదులు వేస్తే పనిచేయదు అని చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బయటికి వచ్చాక అక్షత మేడం నన్ను పక్కకి పిలిచారు. "పేరు మార్చేసి పాత కథే చెప్పి ఉంటే సరిపోయేది కదా పవన్" అన్నారు.

మేనేజరు పని వేరేవాళ్ళకి ఇచ్చారు. నన్ను బళ్ళారి గోదాములో వేశారు. ఆ పద్నాలుగు ఊళ్ళ డీలర్లకీ, సంచి ఒక్కటే వేయొద్దని రైతులకి చెప్పమని ఉత్తరాలు రాశాను. ముగ్గురు జవాబిచ్చారు.

ఇంతే.

పవన్

*

గోపాలపురం క్యాంపు.
నవంబర్ 8

చిరంజీవి పవన్‌కు,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయనిది అది నమ్మక. చెడ్డవాడిగా మొదలుపెట్టి మంచివాడిగా ముగించావు. ఏం పోగొట్టుకున్నావో రాశావు, ఎలా గట్టెక్కావో రాశావు. ఆ మేడం నేర్పిన కొలతలన్నీ సరిగ్గా పడ్డాయి అందులో. చోరనూరు వెళ్ళకుండానే ఇదంతా రాయొచ్చు అనిపించింది. మీ అత్తయ్యతో అలాగే అన్నాను. అయితే వెళ్ళి చూసి రండి అంది.

సోమవారం వెళ్ళాను, నీకు చెప్పకుండానే. నింగప్ప ఇంట్లో లేడు. ఆయన భార్య దురుగమ్మ వాకిట్లో కంకుల పొట్టు తీస్తోంది. నేనెవరో చెప్పలేదు. బస్సు కోసం కూర్చున్నవాడిలా కూర్చుని, ఈ ఊరికి నేలసిరి కంపెనీ అబ్బాయి ఎవరైనా వచ్చాడా అని కదిపాను. ఆమె చెప్పిన మాటలు అలాగే రాస్తున్నాను.

"వచ్చినాడప్పా. మొదటి దినము మా ఆయప్ప ఇంట్లోకి రానీలే. వాని బ్యాగు తీసి రోడ్డు మీద ఏసినాడు. అంగడి కాడ ముప్పై మంది ముందర నిలబెట్టి చెప్పమన్న్యాడు, నువ్వు చెప్పింది అబద్ధమని. చెప్పినాడు. బాగ తిట్టిరి. నేనైతే ఇంగ రాడు అనుకుంటి. మళ్ళా ఆదివారం వచ్చినాడు. అట్ల అయిదు ఆదివారాలు వచ్చి చేన్లో పని చేసినాడు. పని రాదు ఆ పిల్లోనికి. కలుపు తీయమంటే రెండు సాళ్ళు మెక్కజొన్నే పీకేసినాడు. చేతులంతా బొబ్బలు. ఆమీట నేనే పసుపు రాస్తి."

ఇవేవీ నువ్వు రాయలేదు.

కాసేపటికి నింగప్ప వచ్చాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. ఈసారి చేతులు పట్టుకోలేదు. నేనే లేచి నిలబడి, ఆ రోజు తల ఊపినందుకు నన్ను క్షమించమని అడిగాను. ఆయన కూర్చుని ఒక కంకి పొట్టు తీస్తూ అన్నాడు.

"సభలో మీ మేనల్లుడు చెప్పింది నేను నమ్మలే సామీ. కంపెనీవాళ్ళు యాడైనా అట్లే చెప్తారు. అంత దూరం వచ్చింది మీ నోట వినాలని. మీరు తల ఊపితిరి, నేను విత్తితిని."

మీ అత్తయ్యకి ఈ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చేనంతా తిప్పి చూపించాడు. కింది సగం ఫరవాలేదు. పై సగం కంకి పట్టలేదు, పశువులకి కోసేశారు. ఆ సగానికి నువ్వెంత కారణమో నేనూ అంతే, ఇద్దరం దాన్ని నెత్తిన మోయాల్సిందే. దురుగమ్మ జొన్నరొట్టె పెట్టింది. తిన్నాను.

ఇంటికొచ్చాక మీ అత్తయ్యని అడిగాను. ఈ అయిదు ఆదివారాల సంగతి వాడు ఎందుకు రాయలేదు, అది రాస్తే నేను ముందే నమ్మేవాణ్ణి కదా అని. ఆవిడ నీ ఉత్తరం తీసి ఇంకోసారి చదివింది.

"రాసి ఉంటే ఇది కూడా కథే అనేవారు మీరు" అంది.

నిజమే కావచ్చు. నీ మీద అనుమానం మొత్తం పోయిందని రాస్తే అది నా అబద్ధం అవుతుంది. కొంత ఉంది. అది ఒక్క రోజులో పోయేది కాదు, నువ్వు తొందరపడకు.

ఖాళీ అయిన పై సగంలో నింగప్ప శనగ వేస్తున్నాడు. వచ్చే ఆదివారం విత్తనం. ఎద్దులు ఉన్నాయి, మనుషులు తక్కువ. నేను పొద్దున్నే బయల్దేరి బళ్ళారి మీదుగా వెళ్తున్నాను. సండూరు బస్సు ఎనిమిదింటికి స్టాండులో ఆగుతుంది. నువ్వు వస్తానని జవాబు రాయొద్దు, ఫోను కూడా చేయొద్దు. నేను కిటికీ పక్కన కూర్చుంటాను. ఎక్కితే చూస్తాను.

మీ మామయ్య